ప్రామాణిక ఆపరేటరు

ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె బయటపడేదాకా ఆ వస్తువు హాయిగా పనిచేస్తూ ఉంటుంది.

ఈ సత్యం పేజీలమ్మ ఇంట్లో వెల్లడయ్యే నాటికి, అసలు 'యూనిట్' అంటే ఏమిటన్న గొడవ మూడో రోజులో పడింది. యూనిట్ అంటే కంప్యూటరేనని ఆమె భర్త. కాదు, మనిషని అత్తగారు.

"యూనిట్ అంటే యంత్రమేనమ్మా. మా ఆఫీసులో కాటాని కూడా యూనిట్ అనే రాస్తాం" అన్నాడాయన. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్ళుగా కొట్లవెంట తిరిగి కాటాలకు ముద్రలు వేస్తున్న మనిషి కాబట్టి, కొలవడానికి వీల్లేనిది ఈ లోకంలో ఉండడం ఆయనకు ఇష్టం ఉండదు.

"అలాగా? మరి ఆపరేషనప్పుడు నాకు రెండు యూనిట్లు ఎక్కించామన్నారు డాక్టరుగారు. నా ఒంట్లోకి రెండు కంప్యూటర్లు ఎక్కించారంటావా?" అన్నారు అత్తగారు.

గొడవకు మూలం ఒక సర్క్యులర్. పేజీలమ్మ ఒక ప్రచురణ సంస్థకు పాఠ్యపుస్తకాలు టైపు చేసి, బొమ్మలు అమర్చి, పేజీలుగా కూర్చి ఇస్తుంది. మొదటి పదకొండేళ్ళు ఆఫీసులో చేసింది, తరవాతి ఎనిమిదేళ్ళుగా ఇంటి ముందుగదిలో చేస్తోంది. (అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో ఉంది. అందరూ పేజీలమ్మ అనే పిలవడం వల్ల అది అక్కడే భద్రంగా ఉండిపోయింది.) ఇప్పుడా సంస్థవారు ఇలా రాశారు: "గృహము నుండి పనిచేయు ప్రతి యూనిట్ తన సమగ్ర సామర్థ్య అంకెను ఈ నెలాఖరులోగా సమర్పించవలెను. తొమ్మిది వందలకు తగ్గిన యూనిట్లకు ఇకపై పని పంపబడదు." అసలు కాగితంలో ఈ రెండు వాక్యాల్లోనే మూడు అచ్చుతప్పులున్నాయి, ఇక్కడ దిద్ది రాయాల్సి వచ్చింది. సామర్థ్యం గురించిన కాగితాలు ఎప్పుడూ అంతే.

పని పోతే ఇల్లు గడవదని కాదు పేజీలమ్మ దిగులు. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపే ఈ ఇంట్లో ఆమె 'పనిలో ఉన్న' మనిషి. అక్కడినుంచి లేపేస్తే ఇక రోజంతా 'ఖాళీగా ఉన్న' మనిషి. ఖాళీగా ఉన్న మనిషి రోజుకు పద్దెనిమిది గంటలు పనిచేయాల్సి ఉంటుందని ఆమెకు అనుభవం మీద తెలుసు.

అందుకని నాలుగో రోజు పొద్దున ఆడపడుచును పిలిపించింది. ఆడపడుచుకు రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. నోట్లో స్క్రూ పెట్టుకుని కూడా స్పష్టంగా వెటకారం చేయగల మనిషి. వస్తూనే కంప్యూటర్ వెనక్కి తిప్పి చూసింది.

"వదినా, దీన్నా నువ్వు వాడుతున్నావ్? నేను మ్యూజియంకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి. నీ పెళ్ళిలో పెట్టిన చీర కూడా కట్టుకుని పక్కన నిలబడతాను, ఇద్దర్నీ కలిపి తీసుకెళ్ళమను."

ఆడపడుచు నవ్వి, సర్క్యులర్‌లో చెప్పిన పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. అందులో అయిదు పరీక్షలు. లెక్కలు, జ్ఞాపకం, దాచిన ఫైళ్ళు తీసి ఇచ్చే వేగం, బొమ్మలు, ఒకేసారి నాలుగైదు పనులు. ప్రతి పరీక్షలోనూ ఈ యంత్రం వేగాన్ని ఎక్కడో ఉన్న ఒక ప్రామాణిక యంత్రం వేగంతో పోలుస్తారు. దానికి వెయ్యి. దానిలో సగం చురుకైతే అయిదువందలు, రెట్టింపు చురుకైతే రెండువేలు.

మొదటి మూడు పరీక్షలూ ఫరవాలేదనిపించుకున్నాయి. నాలుగోదానిలో తెర మీద ఒక సరస్సు రావాలి. సరస్సు మీద అలలు, అలల మీద ఎండ, ఆ ఎండలో ఎగురుతూ ఒక కొంగ. రాలేదు. తెర నల్లబడి, కాసేపాగి, "ఈ యంత్రమునకు ఈ పరీక్ష నిర్వహించుట సాధ్యము కాదు. అంకె: సున్నా" అని వచ్చింది. అయిదో పరీక్ష కూడా ముగిశాక, పెద్ద అక్షరాల్లో ఫలితం వచ్చింది. సమగ్ర సామర్థ్య అంకె: సున్నా.

"మొత్తానికి సున్నా ఏమిటే? మూడింట్లో బాగానే వచ్చిందిగా!" అంది పేజీలమ్మ.

"ఇక్కడ అయిదూ కూడి అయిదుతో భాగించరు వదినా. అయిదింటినీ గుణించి, వచ్చినదానికి అయిదో మూలం తీస్తారు. కూడితే ఏమవుతుందంటే, ఒకదాంట్లో ఎక్కువ తెచ్చుకుని మిగతావాటిలో బద్ధకం దాచేస్తారు. గుణిస్తే దాక్కోడానికి చోటుండదు. ఒక్కటి సున్నా అయిందా, అన్నీ సున్నా."

"న్యాయమే" అన్నాడు తూనికల ఇన్‌స్పెక్టరు.

"ఏడో తరగతి లెక్కల పుస్తకానికి కొంగెందుకండీ?"

"అది నువ్వడక్కూడదు. ప్రమాణం అన్నాక కొంగ ఉంటుంది."

అత్తగారు కళ్ళద్దాలు సవరించుకుని తెరలోకి చూశారు. "నిన్నటిదాకా పనిచేసిందిగా ఇది?"

"చేసిందత్తయ్యా" అంది పేజీలమ్మ. "సామర్థ్యం లేకుండా చేసింది."

మర్నాడు ఆడపడుచు కొట్లోంచి ఒక పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించింది. ఈసారి సరస్సు వచ్చింది. కొంగ కూడా వచ్చింది. కాకపోతే రెక్క పైకెత్తి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఆగి, చాలాసేపటికి దించింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూశారు. కొంగ అవతలి ఒడ్డు చేరేసరికి అత్తగారు చప్పట్లు కొట్టారు. ఫలితం: ఏడువందల నలభై రెండు.

"చాలదు. ఇక వెనకాల నడిచేవి ఆపుదాం" అంది ఆడపడుచు.

కంప్యూటర్లో పైకి కనిపించే పని ఒకటైతే, వెనక కనిపించకుండా నడిచేవి ముప్పై ఉంటాయట. వైరస్ కాపలా, వాతావరణం, గడియారం, ఎప్పుడో వాడిన ప్రింటరు కోసం ఇంకా ఎదురుచూస్తున్న ఒక చిన్న ప్రోగ్రాము. ఒక్కొక్కటే ఆపేసింది. తెలుగు టైపు చేసే ప్రోగ్రాము కూడా తీసేసింది. పక్కన ఫ్యాను పెట్టింది. అప్పుడు కొంగ నిజం కొంగలా ఎగిరింది. వెయ్యిన్ని పన్నెండు!

"ఇది మోసం" అన్నాడు ఇన్‌స్పెక్టరు గంభీరంగా. "కాటా కింద అయస్కాంతం పెట్టడం లాంటిది. పని చేసే ప్రోగ్రాములన్నీ తీసేసి పనితనం కొలుస్తారా?"

"అన్నయ్యా, నువ్వు తనిఖీకి వస్తున్నావంటే కొట్లవాళ్ళు కాటాలు తుడిచి పెట్టుకోరూ? ఇదీ అంతే."

పేజీలమ్మ ఈ చర్చలో తలదూర్చలేదు. ఆమె వెయ్యిన్ని పన్నెండునే చూస్తోంది. ఆ యంత్రం మీద మూడువందల పైచిలుకు పుస్తకాలు చేసింది. ఒక్కదానికీ ఇంత సంతోషం కలగలేదని తట్టి, కొంచెం సిగ్గుపడి, ఆ తెరను ఫోన్లో ఫొటో తీసుకుంది. (తరవాత ఇంకో రెండు తీసింది.) అదే రోజు అంకెను పంపించేసింది.

రెండు రోజులకు ప్రచురణ సంస్థ సామర్థ్యాల విభాగం నుంచి ఫోనొచ్చింది. సహాయాధికారి మర్యాదస్థుడు.

"మేడమ్, మీరు యంత్రం అంకె ఒక్కటే పంపారండి. యూనిట్ అంకె పంపాలి."

"యూనిట్ అంటే యంత్రం కాదాండీ?"

"యూనిట్ అంటే యూనిట్ అండీ. యంత్రమూ, దాని ముందు కూర్చునే ఆపరేటరూ. రెండంకెలూ గుణించి వర్గమూలం తీస్తే అది యూనిట్."

అత్తగారికి ఈ మాట చేరగానే ఆవిడ కొడుకు వంక చాలా సేపు చూస్తూనే ఉండిపోయారు.

ఆపరేటరు పరీక్ష కూడా ఇంట్లోనే. తెర మీద 'గాలులు' అనే పాఠం చేతిరాత ప్రతి వస్తుంది. గంటలో ఎంత టైపు చేసి, ఎంత చక్కగా పేజీలు కూరిస్తే అంత. ఇందులోనూ అయిదు అంశాలు: వేగం, కచ్చితత్వం, సవరణలు, పేజీ అందం, స్థిరత్వం. స్థిరత్వమంటే కుర్చీలోంచి లేవకుండా ఉండడం. కంప్యూటర్ మీది కెమెరా లెక్కపెడుతుంది. అంకెలకు కొలబద్ద ఒక ప్రామాణిక ఆపరేటరు. ఆవిడకు అన్నిట్లోనూ వెయ్యి.

ఈ ప్రామాణిక ఆపరేటరు పేజీలమ్మకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళుగా రోజుకిన్ని పేజీలు చేయాలన్న లక్ష్యం ఆవిడ వేగం నుంచి లెక్కగట్టిందే. గంటకు తొమ్మిది పేజీలు, తప్పులు లేవు, లేవడం లేదు. ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. సంస్థ నియమాల ప్రకారం ఆవిడకు కూడా తెలియకూడదు. (తెలిస్తే గర్వం కలిగి ప్రమాణం చెడిపోవచ్చునని నియమంలోనే ఉంది.) కిందటేడు వ్యాకరణం పుస్తకాలు చేసే ఒకావిడ వేళ్ళ కీళ్ళు వాచిపోయి, లక్ష్యం అందుకోలేక పని మానేసింది. ఫోన్లో ఏడ్చింది. పేజీలమ్మ ఓదార్చింది: "ఊరుకోండి. ఆ ప్రామాణిక ఆపరేటరు ఎవర్తో గాని, దాని చేతులు పడిపోను!" ఆ తిట్టు విన్నాక ఆవిడకు కొంచెం ఊరట కలిగింది. అప్పటినుంచి ఇంటి దగ్గర పనిచేసే పదకొండుమందీ ఫోన్లు పెట్టేసేముందు అదే మాట అనుకోవడం అలవాటైంది.

పరీక్ష పొద్దున పదింటికి పెట్టుకుంది. మొదటి పావుగంటా బాగానే సాగింది.

"అమ్మాయీ, నా కంట్లో చుక్కల వేళ దాటిపోతోంది!"

లేచింది. చుక్కలు వేసి వచ్చింది. పాలు పొంగిన వాసనకు లేచింది. తలుపు తట్టిన కొరియరతనికి సంతకం పెట్టడానికి లేచింది. భర్త ఆఫీసు నుంచి ఫోన్ చేసి, తన ముద్ర ఇంట్లోనే మర్చిపోయానేమో చూడమన్నాడు. లేచింది, వెతికింది, లేదంది. అది ఆయన జేబులోనే ఉంది.

ఫలితం వచ్చేసరికి సాయంత్రం అందరూ చేరారు. వేగం ఆరువందల నలభై. కచ్చితత్వం తొమ్మిదివందల పది. సవరణలు ఎనిమిదివందల డెబ్భై. అందం ఎనిమిదివందలు. స్థిరత్వం రెండువందల పది. అయిదూ గుణించి అయిదో మూలం తీస్తే ఆరువందల పదకొండు.

"అయితే యూనిట్ ఎంతైనట్టు?" అన్నారు అత్తగారు. ఇన్‌స్పెక్టరు కాగితం తీసి వెయ్యిన్ని పన్నెండును ఆరువందల పదకొండుతో గుణించి, వర్గమూలం తీసి, కింద రెండు గీతలు గీశాడు. ఏడువందల ఎనభై ఆరు.

"యంత్రం బాగానే ఉందే" అన్నాడు.

అన్నాక ఆ మాట ఎటు తిరిగిందో ఆయనకే వినిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వదినా, నిన్ను కూడా వెనక్కి తిప్పి చూడాలేమో" అంది ఆడపడుచు వాతావరణం తేలిక చేద్దామని. "వెనకాల నడిచేవి ఆపి మళ్ళీ పరీక్ష పెడదాం. నెలాఖరుకి ఇంకా మూడ్రోజులుంది."

"వెనకాల నడిచేవంటే?" అన్నారు అత్తగారు.

ఆడపడుచు చూపు బల్ల మీదికి పోయింది. అత్తగారు కంటిచుక్కల సీసా తీసుకుని పైట చాటున పెట్టుకున్నారు.

"అసలు కుర్చీలోంచి లేవని ఆడది ఎక్కడైనా ఉంటుందా?" అంది ఆడపడుచు. "ఆ ప్రామాణికమ్మకి ఇల్లు లేదా? దాహం వెయ్యదా? ఆవిణ్ణి నా కొట్టుకి తీసుకురండి, విప్పి చూస్తాను."

"అత్తగారు ఉండి ఉండరు" అన్నారు అత్తగారు ఒప్పుకోలుగా.

"చేతులు పడిపోను" అంది పేజీలమ్మ అలవాటుగా, తప్పుల పట్టిక తెరుస్తూ.

పట్టికలో మొట్టమొదటి తప్పు: "నైరుతి. ప్రామాణిక ప్రతిలో: నైఋతి."

పేజీలమ్మకు ఒళ్ళు మండింది. నైరుతి గాలి అని రాసినందుకు తప్పా? ఇప్పుడెవరు రాస్తున్నారు ఋ? ఎనిమిదేళ్ళ కిందట ఈ సంస్థే, పిల్లలు తికమకపడుతున్నారని, 'ఇకపై నైరుతి అని మాత్రమే రాయవలెను' అని సర్క్యులర్ ఇచ్చింది. ఆ సర్క్యులర్ ప్రత్యేకించి తన కోసమే ఇచ్చారని అప్పట్లో అందరూ నవ్వారు. ఎందుకంటే అప్పటికి సంస్థ మొత్తం మీద నైఋతి అని పట్టుబట్టి టైపు చేసేది తనొక్కతే. రాతప్రతిలో రు అని ఉన్నా సరే, దిద్ది ఋ పెట్టేది. సంపాదకుడితో మూడుసార్లు పోట్లాడింది కూడా...

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఇంకా ఆఫీసులో చేస్తున్న రోజుల్లో, స్టాప్‌వాచీతో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. "ఊరికే, పని చూసి పోదామని" అన్నాడు. ఆయన తన పక్కనే కుర్చీ వేసుకోవడం పేజీలమ్మకు గొప్పగా అనిపించింది. 'గాలులు' పాఠం అందుకుంది. ఆ గంటా ఆమె టైపు చెయ్యలేదు, వాయించింది. దాహమేసినా లేవలేదు. మూత్రానికి కూడా లేవలేదు. ఆఖర్న ఆయన వాచీ ఆపి, "మీరు రోజూ ఇంతే వేగంగా చేస్తారా?" అని అడిగితే, ఆమె జుట్టు సవరించుకుని, "ఇవాళ కొంచెం నలతగా ఉందండీ" అంది.

ఆయన రాసుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ సాయంత్రమంతా నడుం పట్టేసి పడుకుంది. ఆ సంగతి రాసుకోవడానికి ఎవరూ రాలేదు.

ఇక తిట్టు సంగతంటారా? తిట్లు ఫలించవని చెప్పే ధైర్యం పేజీలమ్మకు లేదు. ఆరు నెలలుగా ఆమె కుడి మణికట్టుకు పట్టీ ఉంది. పదకొండుమంది ఏకగ్రీవంగా తిట్టినప్పుడు ఆమాత్రం తగలకుండా ఎలా ఉంటుంది? అందులో తన గొంతే అందరికంటే పెద్దది.

మర్నాడు పొద్దున ఇల్లు ఖాళీ అయ్యాక సామర్థ్యాల విభాగానికి ఫోన్ చేసింది.

"ప్రామాణిక ఆపరేటరు వివరాలు గోప్యమండీ" అన్నాడు సహాయాధికారి.

"వివరాలు నాకొద్దండీ. అది నేనే."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"మీరెలా అవుతారండీ? ప్రామాణిక ఆపరేటరుకి ఎప్పుడూ వెయ్యేనండి. మీకు ఆరువందల పదకొండు కదా వచ్చింది."

"తొమ్మిదేళ్ళయిందండీ, బాబూ."

"ప్రమాణానికి వయసుండదండి" అన్నాడాయన మర్యాదగా. కాస్సేపాగి, "ఋజువేమైనా ఉందాండీ?" అన్నాడు.

"మీరిప్పుడు ఋజువు అన్నారు చూడండి, ఆ ఋ నాది. మీ దగ్గరున్న ప్రతిలో నైఋతి అని ఉందా, లేదా? మీ సంస్థలో అలా రాసిన మనిషి ఇంకొకరుంటే చూపించండి. నన్నాపడానికి మీరు సర్క్యులర్ కూడా వేశారు, తేదీ చెప్పమంటారా?"

ఆయన సర్క్యులర్ తీశాడు, ప్రతి తీశాడు, రెంటి కిందా ఆమె పెట్టిన సంతకాలు పోల్చి చూశాడు. అరగంట తరవాత తనే ఫోన్ చేసి, ఇలాంటి సందర్భం ఇంతకుముందు రాలేదని, నియమావళిలో మాత్రం దీనికి పద్నాలుగో నియమం ఉందని చెప్పాడు. చదివి వినిపించాడు కూడా: "ప్రామాణిక ఆపరేటరు ఇంకను సేవలో నున్నచో, తన కోరికపై పునఃకొలతకు హాజరు కావచ్చును. పునఃకొలతలో వచ్చిన ఫలితము ఎంతయైనను అదియే వెయ్యిగా పరిగణింపబడును. తక్కిన ఆపరేటర్ల అంకెలును, దినలక్ష్యములును తదనుగుణముగా సవరింపబడును."

"ఎంతైనా వెయ్యేనా?"

"ఎంతైనా వెయ్యేనండి. మిమ్మల్ని మీతోనే భాగించాలి కదండీ."

"మానేసినవాళ్ళ సంగతి?"

"కొత్త లెక్కలో సరిపోతే పిలవమని అడగొచ్చండి. అదొక ఫారం ఉంది. కానీ మేడమ్..." సహాయాధికారి గొంతు తగ్గించాడు. "పునఃకొలత అయితే పాత రికార్డు కొట్టేస్తారండి. గంటకు తొమ్మిది పేజీలు. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని దాటలేదు. ఒక్కసారి ఆలోచించుకోండి."

పేజీలమ్మ ఆలోచించుకుంది. నిజం చెప్పాలంటే చాలాసేపే ఆలోచించుకుంది. పని పోతుందని తెలిసిన రోజున కూడా కలగని బాధ, ఆ తొమ్మిది పేజీలూ కొట్టేస్తారంటే కలిగింది. ఎవరికీ తెలియకపోయినా, తనకే తెలియకపోయినా, తొమ్మిదేళ్ళు ఎక్కడో ఒకచోట తను వెయ్యి. అందులో మళ్ళీ నలతగా ఉన్నప్పటి వెయ్యి. ఆమె ఆ గొప్ప కాసేపు అనుభవించి, పట్టీ విప్పి మణికట్టు రుద్దుకుని, వ్యాకరణం పుస్తకాలావిడ నంబరు నొక్కింది. అవతల "హలో" అనగానే ధైర్యం చాలక, పొరపాటున తగిలిందని చెప్పి పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. ఆడపడుచు కూడా వచ్చింది. పేజీలమ్మ అందరికీ వడ్డించి, తనూ కంచం పెట్టుకుని కూర్చుని, మజ్జిగ గిన్నె ఇటు జరపమన్నంత మామూలుగా చెప్పింది.

"ఆ ప్రామాణిక ఆపరేటరు నేనేనట. రేపు ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ కొలిపించుకుంటున్నాను. రేపు ఎంతొస్తే అదే వెయ్యి, అందరికీ."

ముందుగా నవ్వింది ఆడపడుచు. ఆమెకు పొలమారింది. అత్తగారు ఆమె నెత్తిన తడుతూ, "నువ్వా? కుర్చీలోంచి లేవనిది నువ్వా?" అన్నారు కోడలి వంక చూస్తూ. ఎప్పుడూ లేనిది, ఆ చూపులో కొంచెం భయం ఉంది.

ఇన్‌స్పెక్టరు మాత్రం చెయ్యి కంచంలోనే ఆపి, తీవ్రంగా ఆలోచించాడు.

"చూడు, అంకె కోసం కావాలని మెల్లిగా చేస్తానంటే నేనొప్పుకోను. కొలత దగ్గర నటించడం నేరం."

"నటనెందుకండీ?" అంది పేజీలమ్మ కూర గిన్నె ఆయన వైపు జరుపుతూ. "నాకు చేతనైనంత వేగంగా చేస్తాను. అంత నెమ్మది నటిస్తే వచ్చేది కాదు."